నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది

మా అన్న వీరభద్రయ్యకు ఇంగ్లీషంటే మహా గౌరవం. ఆ గౌరవమే ఒకసారి మా కొంప ముంచబోయింది.

కమలాపురం నుంచి ఎర్రగుంట్ల పోయే రోడ్డు మీద మాకు నల్లబండల ఫ్యాక్టరీ ఉంది. గనిలో చీల్చిన బండను తెచ్చి, కోసి, పాలిషు పట్టి బయటి ఊళ్ళకు పంపుతాం. మా నాయన కాలంలో లారీ డ్రైవర్ల నోటిమాట మీదే వ్యాపారం నడిచింది. తర్వాత ఫోన్లొచ్చాయి, ఇప్పుడు మెయిళ్ళు. పుణె వాళ్ళకూ, కొచ్చిన్ వాళ్ళకూ తెలుగు రాదు. మా హిందీ వింటే వాళ్ళకు నవ్వొస్తుంది. కాబట్టి ఇంగ్లీషే దిక్కు.

ఆ ఇంగ్లీషుకు మా అన్న దగ్గర ఒకే ఒక్క ఉత్తరం ఉండేది. కోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి చేత మా నాయన రాయించి పెట్టుకున్నది. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలై, మా వంశప్రతిష్ఠ అంతా చెప్పుకుని, 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని ముగుస్తుంది. లారీ బయలుదేరినా అదే ఉత్తరం, బండలు పగిలినా అదే ఉత్తరం. మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం మారుతుంది. దాన్ని వెతుక్కోవడం కస్టమరు ఖర్మ. ఒకసారి కొచ్చిన్ ఆయన ఫోన్ చేసి, "మీ మెయిలు అందింది, చాలా మర్యాదగా ఉంది, ఇంతకీ సరుకు ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. మొదటి సగం విని మా అన్న వారం రోజులు మురిసిపోయాడు.

నా పేరు ఉదయశ్రీ. వీరభద్రయ్య చెల్లెల్ని. ఆఫీసులో బిల్లులు, పన్ను లెక్కలు చూస్తాను. నాకు నోరెక్కువ అని ఇంట్లో పేరు. ఉన్నమాట చెప్పేవాళ్ళందరికీ ఆ పేరే వస్తుంది కాబట్టి నేను పట్టించుకోను. అయినా ఇప్పుడు చెప్పబోయేది నా గొడవ కాదు, ప్రేమజ్యోతి కథ.

ప్రేమజ్యోతి మా గనిలో బండలు చీల్చే యేసుప్రసాదు కూతురు. కడపలో బీకాం చదివి, కర్నూలులో ఒక పెద్ద ఆసుపత్రి హెల్ప్‌డెస్కులో కొన్నాళ్ళు పనిచేసింది. పరీక్షలకు వచ్చేవాళ్ళకు ఇంగ్లీషులో మెయిళ్ళు పంపడం అక్కడ ఆమె పని. తర్వాత ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే అరుణ్ కుమార్‌ను పెళ్ళి చేసుకుని మళ్ళీ ఇటు వచ్చేసింది. టైపింగు బాగా వచ్చని విని మా అన్న ఆమెను ఆఫీసులో పెట్టుకున్నాడు.

చేరిన రోజే గొడవ. లారీ ఆలస్యమవుతుందని ఇండోరు కస్టమరుకు మెయిలు పెట్టమంటే ఆ పిల్ల నాలుగు వాక్యాలు రాసి చూపించింది. లారీ ఎందుకు ఆగింది, ఎప్పుడు కదులుతుంది, ఎప్పుడు చేరుతుంది, దించుకోవడానికి మనుషుల్ని ఏ రోజుకు పిలిపించుకోవాలి. అంతే.

మా అన్న కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు.

"ఇదేంది మే, ఇంతేనా? మన గౌరవం యాడ ఉండాది దీంట్లో?" అన్నాడు.

"సార్, వాళ్ళకు కావాల్సింది అంతా ఉండాది. సూడండి," అంది జ్యోతి.

"నాయన పేరు ల్యా, నీడ్‌ఫుల్ ల్యా. మొగోడు పాగా లేకుండా పెండ్లికి పోయినట్లుండాది."

ఆ రోజునుంచి అదే తంతు. ఆమె నాలుగు ముక్కలు రాస్తుంది, ఆయన పైన పాగా చుట్టి, కింద చెప్పులు తొడిగి బయటికి పంపుతాడు. జ్యోతి ఎదురు చెప్పేది కాదు. అట్లాగని ఆ నాలుగు ముక్కలు రాయడం మానేదీ కాదు. ఆ మొండితనం నాకు నచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాను, ఇంత నేరుగా రాయడం ఎక్కడ నేర్చుకున్నావు అని. ఆమె నవ్వి ఒక సంగతి చెప్పింది. ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఆత్మకూరు నుంచి ఒక పెద్దాయన రక్తపరీక్షకు వచ్చాడట. వాళ్ళ కొడుక్కు మెయిలు పంపింది ఈమే. తేదీ రాసింది, గది రాసింది, ఏ మెట్లెక్కాలో కూడా రాసింది. ఆయన బస్టాండులో కడుపునిండా ఉగ్గాని, బజ్జీలు తిని వచ్చాడు. పరీక్ష చేయడానికి లేదు, మళ్ళీ రమ్మన్నారు.

"ఖాళీ కడుపుతో రావాలని నేను రాయలేదక్కా. ఆడ అందరికీ తెలిసిన సంగతే, అందుకే ఎవురికీ రాయాలని తోచలే. పాపం ఆయప్ప అంత దూరం నుంచి వచ్చినాడు. అప్పట్నుంచి మనకు తెలిసిందే ముందు రాస్తాండా," అంది.

నేను పెరుగన్నం కలుపుకుంటూ ఊఁ అన్నాను. విన్నానే గానీ, అది మా కొంపకే పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు.

మా అన్న కొడుకు జ్ఞానేశ్వర్ బెంగళూరులో ఎంబీఏ చేసి వచ్చాడు. మంచివాడే. కాకపోతే ఏ పని చూసినా దాన్ని బెంగళూరులో ఎవరికైనా అప్పజెప్పాలని వాడికి తహతహ. మెయిళ్ళ పని కూడా అక్కడ ఒక ఏజెన్సీకి ఇస్తే బ్రహ్మాండంగా చేస్తారని ఇంట్లో పోరు పెట్టేవాడు. అదే జరిగితే జ్యోతికి కుర్చీ ఉండదు. కమలాపురం చుట్టుపక్కల ఆమె చదువుకు తగిన ఇంకో కుర్చీ లేదు. మళ్ళీ కర్నూలు పోవాలి, మొగుడొక చోట తానొక చోట ఉండాలి. అది తలుచుకుంటేనే ఆమె ముఖం వాడిపోయేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పుణె నుంచి పిడుగు పడింది.

పుణెలో ఒక కాఫీ హోటళ్ళ కంపెనీ మా దగ్గర బల్లల పైపలకలకు నల్లబండలు తీసుకుంది. అంత పెద్ద కస్టమరు మాకు అంతకుముందు లేడు. ముందు ముందు వాళ్ళు తెరవబోయే హోటళ్ళన్నిటికీ మేమే పంపుతామని మా అన్న బంధువులందరికీ చెప్పుకున్నాడు. అక్కడ కొనుగోళ్ళు చూసే శివాని అనే ఆమె నుంచి ఒక మెయిలు వచ్చింది. దాంతోపాటు ఫోటోలు. నల్లగా నిగనిగలాడుతూ పోయిన మా బండల మీద తెల్లటి వలయాలు, చుక్కలు, చారలు. ముఖం నిండా తెల్లటి శోభి మచ్చలు లేచినట్టుంది. హోటలు తెరిచి నెల కాకముందే ఇట్లా అయిందనీ, మీరు రంగు పూసిన నకిలీ రాయి అంటగట్టారనీ, అన్నీ పీకించి వెనక్కి పంపుతామనీ, మీతో ఇక వ్యాపారం లేదనీ ఆమె రాసింది.

మా అన్న లేచి నిలబడ్డాడు.

"నకిలీనా! మా నాయన పెట్టిన ఫ్యాక్టరీ ఇది! రాయ్ మే జ్యోతీ. రెస్పెక్టెడ్ మేడం అని పెట్టు. మా సంస్థ మీద ఇంతవరకు ఒక్క మాట పడలేదని రాయ్. పరువు నష్టం కేసు వేస్తామని కూడా రాయ్!"

జ్యోతి ఆ మాటలేవీ రాయలేదు. ఫోటోను పెద్దది చేసి చూస్తూ కూర్చుంది. తర్వాత నన్ను పిలిచింది.

"అక్కా, ఈ బల్ల మీద గ్లాసు సూడు. దాంట్లో ఏముండాదో సూడు."

చూశాను. గ్లాసులో సోడా, అంచుకు గుచ్చిన నిమ్మచెక్క. గ్లాసు అడుగంత వలయం బండ మీద.

"నిమ్మరసమా! ఇంతేనా?" అని నాకు నవ్వొచ్చింది. "నల్లబండ మీద పులుపు పడితే మచ్చ పడతాదని చిన్నబిడ్డలకు కూడా తెలుసు కదే!"

"మన బిడ్డలకు తెలుసక్కా. వాళ్ళకెవురు చెప్పినారు?"

నా నవ్వు ఆగిపోయింది. పాత మెయిళ్ళన్నీ తీసి చూశాం. మా వంశం సంగతి ఉంది, బండ మందం ఉంది, నునుపు ఉంది, మా నాయన సత్యసంధత ఉంది. నిమ్మకాయ మాత్రం ఎక్కడా లేదు. చింతపండు లేదు. ఈ నేలలో పుట్టిన బండ గుణం ఈ నేల మీద అందరికీ తెలుసు కాబట్టి, దాన్ని బయటివాళ్ళకు చెప్పాలని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. కడపవాళ్ళం తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు ఇది.

జ్యోతి ఆ సంగతే రాస్తానంది. అప్పుడు మొదలైంది అసలు యుద్ధం.

"మన బండకు మచ్చ పడతాదని మన చేత్తో మనమే రాయాల్నా? ఇంక ఎవురు కొంటారు?" అని మా అన్న అరిచాడు.

"నాయనా, ఇట్లాంటివి ఏజెన్సీవాళ్ళయితే తెలివిగా తిప్పి రాస్తారు," అన్నాడు జ్ఞానేశ్వర్.

తిప్పి రాయడమనే మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. అన్న చెయ్యి పట్టుకుని లేపాను. ఫ్యాక్టరీ వెనకే మా ఇల్లు. నేరుగా వంటింట్లోకి తీసుకుపోయాను. పొయ్యి పక్కన మా అమ్మ చెన్నమ్మ కాలం నాటి నల్లబండ అరుగు ఉంది. దాని మూలన తెల్లటి గుండ్రటి గుర్తు. అమ్మ ఏటా నిమ్మకాయ ఊరగాయ జాడీ పెట్టుకున్న చోటు అది. అమ్మ పోయింది, జాడీ పగిలింది, ఆ గుర్తు మాత్రం అట్లాగే ఉంది.

"ఇది నకిలీ బండేనా అన్నా?" అని అడిగాను.

ఆయన ఆ వలయం మీద చెయ్యి పెట్టి నిమిరాడు. చిన్నప్పుడు ఆ జాడీలో వేలు పెట్టి అమ్మ చేత దెబ్బలు తిన్నవాడు.

ఆఫీసులోకి వచ్చి జ్యోతితో అన్నాడు. "రాయ్ మే. నీకు తోచినట్లే రాయ్. కానీ ఒకటి చెప్తాండా. పుణె వాళ్ళు తెగిపోతే ఈ మెయిళ్ళ పని బెంగళూరుకు ఇచ్చేస్తా. నీ ఉద్యోగం నీ మెయిలు మీదే ఉండాది."

నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల "సరే సార్," అనేసింది.

రాయడానికి ముందు జ్యోతి నా క్యారియరులోంచి నిమ్మచెక్క తీసుకుంది. పెరట్లో పడి ఉన్న పాలిషు ముక్క మీద పిండింది. కాసేపటికి తుడిచి చూస్తే తెల్లమచ్చ. ఫోటో తీసింది. తర్వాత నీళ్ళు చల్లి, వాటర్ పేపరనే సన్నటి గరుకు కాగితంతో రుద్దింది. నేను కూడా కొంగు బిగించి రుద్దాను. పైన కొబ్బరినూనె చుక్క వేసి గుడ్డతో తోమాం. నలుపు తిరిగి వచ్చింది. మళ్ళీ ఫోటో. ఇట్లా ప్రతి మెట్టుకూ ఒక బొమ్మ. "మనం చేసి సూడనిది ఇంకొకరికి చెప్పకూడదక్కా," అంది. ఎండలో మా ఇద్దరి ముఖాలూ ఆ బండకన్నా నల్లగా అయ్యాయి.

ఇంగ్లీషులో ఆమె రాసిన మెయిలు తెలుగులో చెప్తే ఇది:

"శివాని గారికి. మీ బల్లల మీద తెల్లమచ్చలు నిమ్మరసం వల్ల వచ్చాయి. రాయి నకిలీది కాదు, దానికి రంగు పూయలేదు. ఇది సున్నపురాయి జాతి. నిమ్మ, చింతపండు, వెనిగరు, ఏ పులుపు పడినా పైనున్న పాలిషును తింటుంది. మా ఊళ్ళో ఇది అందరికీ తెలుసు. అందువల్ల మీకు చెప్పాలని మాకు తోచలేదు. కొనకముందే చెప్పి ఉండాల్సింది. తప్పు మాదే. మచ్చ ఎట్లా తీయాలో మేము చేసి చూసి, ఫోటోలు జతచేశాం. ముందు ఒక్క బల్ల మీద చేసి చూడండి. గ్లాసు కింద చిన్న పళ్ళెం పెడితే మచ్చలు తగ్గుతాయి, పూర్తిగా ఆగవు. మచ్చ పడని రాయే కావాలంటే మీకు గ్రానైటు మేలు. మీ నిర్ణయం ఏదైనా చెప్పండి, దాని ప్రకారం చేస్తాం."

మా అన్న అంతా విన్నాడు. 'తప్పు మాదే' అన్నచోట కళ్ళు మూసుకున్నాడు. గ్రానైటు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి ఎగిరి పడ్డాడు.

"గ్రానైటా! మన మెయిల్లో గ్రానైటు పేరా! అది తీసెయ్ మే!"

"సార్, అది తీస్తే మిగతాది కూడా నమ్మరు," అంది జ్యోతి. గొంతు పెంచలేదు, తల దించలేదు.

"రెస్పెక్టెడ్ అన్నా పెట్టు."

"గౌరవం లోపలే ఉండాది సార్."

మా అన్న నా వైపు చూశాడు. నేను కావాలనే పైనున్న ఫ్యాను వైపు చూశాను. ఆయన చెయ్యి విసిరి బయటికి పోయాడు. అదే అనుమతి అనుకుని నేనే జ్యోతి భుజం తట్టాను. మొదటిసారి మా ఫ్యాక్టరీ నుంచి ఒక మెయిలు పాగా లేకుండా, చెప్పులు లేకుండా బయటికి పోయింది. కింద 'ప్రేమజ్యోతి, కస్టమరు సమాచారం, కమలాపురం' అని ఉంది.

తర్వాత జవాబు లేదు. ఒకరోజు, ఇంకొక రోజు, వారం. మా అన్న వచ్చిపోయేవాళ్ళ మీద చిరచిరలాడాడు. జ్ఞానేశ్వర్ ఏజెన్సీ వాళ్ళతో ఫోన్లో మాట్లాడటం మొదలుపెట్టాడు, అదీ జ్యోతికి వినపడేలా. వాడి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమె మాత్రం రోజూ వేళకు వచ్చేది, వచ్చిన మెయిళ్ళకు జవాబులు రాసేది. ఒక సాయంత్రం చూస్తే తన సొరుగులోని సామాను సంచిలో సర్దుకుంటోంది.

"ఏంటికే అది?" అన్నాను.

"ముందే సర్దుకుంటే ఆ రోజు ఏడుపు రాదక్కా," అంది. ఆ మాటకు నాకే ఏడుపొచ్చింది. ఆ సంచి లాక్కుని, సామానంతా మళ్ళీ సొరుగులో కుమ్మరించాను.

మర్నాడు అన్నాల వేళకు జవాబు వచ్చింది. శివాని పేరు కనపడగానే జ్యోతి కుర్చీ వెనక్కి జరుపుకుంది. "నువ్వే తెరువక్కా," అంది. తెరిచాను. నా ఇంగ్లీషు నెమ్మదిగా నడుస్తుంది. రెండు వాక్యాలు చదివేసరికి కళ్ళజోడు మసకబారింది. "నువ్వే సదువు, అందరికీ తెలుగులో చెప్పు," అని మా అన్నను, జ్ఞానేశ్వర్‌ను కేకేసి పిలిచాను.

జ్యోతి చదివింది. శివాని ఇట్లా రాసింది. "ప్రేమజ్యోతి గారూ, ఒక్క బల్ల మీద చేసి చూశాం. మచ్చ పోయింది. మిగతావీ చేయించాం, అందుకే ఆలస్యమైంది. నకిలీ అన్నందుకు క్షమించండి. ఇన్నేళ్ళుగా సరుకు కొంటున్నాను. మా సరుకు గొప్పదని చెప్పినవాళ్ళే అందరూ. దానికి ఏది పడదో చెప్పి, కావాలంటే వేరేది కొనుక్కోమన్నది మీరొక్కరే. బండలు వెనక్కి పంపడం లేదు. కొత్త హోటళ్ళకూ మీ రాయే కావాలి."

కింద ఒక ఫోటో ఉంది. హోటల్లో ప్రతి బల్ల మీదా ఒక చిన్న అట్టముక్క నిలబెట్టారు. దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది: "ఈ రాయి కడప జిల్లా కమలాపురం నుంచి వచ్చింది. నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది. ఫరవాలేదు, మీరు సోడా తాగండి."

అట్టముక్క మీది మాటలు చదివి జ్యోతి కళ్ళు తుడుచుకుంది. నేను లేచి ఆ పిల్లను గట్టిగా కౌగిలించుకున్నాను. అంత సంతోషం నాకు నా కొడుకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు, వాడు వింటే విననీ. జ్ఞానేశ్వర్ ఫోటో వంక చూస్తూ, "జ్యోతక్కా, ఏజెన్సీవాళ్ళకు వద్దని నువ్వే ఒక మెయిలు రాసియ్యవా? నీ మాదిరి నేరుగా," అన్నాడు. జ్యోతి కన్నీళ్ళలోనే పకపకా నవ్వింది.

మా అన్న మాత్రం ముఖం గంభీరంగా పెట్టుకుని, "గ్రానైటు సంగతేమన్నా అడిగిందా?" అన్నాడు.

"అడిగింది సార్, ఫోటో కింద రాసింది. వంటింటి అరుగులకు కావాలంట. మంచివాళ్ళెవరో మిమ్మల్నే చెప్పమంది."

మా అన్న షడ్డకుడికి తాడిపత్రిలో గ్రానైటు ఫ్యాక్టరీ ఉంది. అంతవరకు గ్రానైటు పేరెత్తితే మైల పడినట్టు చూసినవాడు, ఫోన్ తీసుకుని వసారాలోకి పరుగెత్తాడు.

ఆ వారమే నిమ్మకాయ మెయిలు మా కస్టమర్లందరికీ పోయింది. ఇండోరు ఆయన "మా ఆవిడను ఇన్నాళ్ళు అనవసరంగా తిట్టాను" అని జవాబు రాశాడు. కొచ్చిన్ ఆయన ఫోన్ చేసి, ఈసారి మెయిలు మొదటి వరుసలోనే అర్థమైందని చెప్పాడు. అది పొగడ్తో కాదో మా అన్న కొంచెంసేపు ఆలోచించాడు. యేసుప్రసాదు గని నుంచి దుమ్ము బట్టలతోనే వచ్చి, కూతురి కంప్యూటరులో ఆ హోటలు బల్లను, తాను చీల్చిన బండను తనివితీరా చూసుకుని పోయాడు.

మొన్న వేంపల్లె నుంచి ఒక రైతు కొత్త ఇంటికి బండలు కొనడానికి వచ్చాడు. కౌంటరులో మా అన్న ఉన్నాడు. ఆ మనిషి ఇంకా కూర్చోనైనా లేదు, మా అన్న మొదలుపెట్టాడు.

"చూడప్పా, ముందే చెప్తాండా. నిమ్మరసం పడితే మచ్చ పడతాది."

ఆయన విస్తుపోయి చూశాడు. "అది నాకు తెలీదా సామీ? మా జేజి కాలం నుంచి మా ఇంట్లో ఈ బండే ఉండాది."

"తెలిసినా చెప్పాల. మా ఆఫీసు పద్ధతి అది," అన్నాడు మా అన్న, మీసం సవరించుకుంటూ. తర్వాత లోపలి గదిలో మెయిలు రాసుకుంటున్న జ్యోతి వైపు చెయ్యి చూపించాడు. "అదో, ఆ యమ్మ పెట్టింది."